రమ్మనడం తప్ప తెలియని గంట

గంట కంటే ముందు తాడు మోగుతుంది.

గుట్ట సగం ఎక్కేసరికి వినిపించింది నాకు. కిర్రుమని, ఎవరో నిద్రలో పక్కకి తిరిగినట్టు. తర్వాత ఒక ఊపిరి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో గాలి కూడా ఆగి చూసినట్టనిపించింది. అప్పుడు మోగింది గంట. చెవుల్లో కాదు, అరికాళ్ళ కింద, రాతి మెట్ల లోపల. ఆ మోత ఆరకముందే మళ్ళీ కిర్రు, మళ్ళీ ఖాళీ, మళ్ళీ మోత. కింద మూడు వీధుల్లో తలుపులు తెరుచుకుంటున్నాయి. ఎవరో తీరిగ్గా పుస్తకం పేజీలు తిప్పుతున్నట్టు, ఒకదాని తర్వాత ఒకటి.

చివరి మెట్టు ఎక్కాక ఆమె కనిపించింది. నాలుగు దుంగల చట్రం, చట్రానికి గంట, గంట కింద ఒక చిన్న మనిషి. తాడు లాగినప్పుడు దాదాపు గొంతుక్కూర్చుంటుంది. తాడు పైకి పోయినప్పుడు రెండు మడమలూ నేలని వదిలేస్తాయి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి రోజుకి మూడుసార్లు అలా కాసేపు నేల వదిలి వస్తుంది.

"పిన్నీ" అని పిలిచాను. పలకలేదు. మరో రెండుసార్లు పిలిచాను. చివరి దెబ్బ మోగించి, అరచేయి గంట అంచుకి ఆనించి, మోతని మెల్లగా నిద్రపుచ్చి అప్పుడు ఇటు తిరిగింది.

"ఎంతసేపయింది వచ్చి? ఎడమ పక్క నిలబడి పిలిస్తే నాకు వినపడదు. ఆ చెవి ఆయనకి ఇచ్చేశాను" అని తల ఎగరేసి ఆకాశం చూపించింది. "కుడిచెవి మీలాంటి వాళ్ళ కోసం ఉంచుకున్నా. ఇటు వచ్చి కూర్చోండి."

పేటలో అందరికీ ఆమె గంటపిన్ని. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు, ఆమె కూడా అందరినీ కన్నతల్లిలా తిడుతుంది. ఆమె తండ్రి గంట మోగించేవాడు, ఆయన తండ్రీ అంతే. ఆరేళ్ళప్పుడు తండ్రి తాడు చివర ముడివేసి, "పట్టుకో" అన్నాడట. ఆయన వదిలితే తాడు పైకి పోయేది, తాడుతో పాటు ఈమె. "నాకు ఉయ్యాల కట్టినవాళ్ళు లేరు. గంటే ఊపింది" అంటుంది. ఇటుకల ఫ్యాక్టరీలో పనిచేసే భర్త పదేళ్ళ కాపురం తర్వాత జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ప్రార్థన మందిరం ఊడవడం, కడగడం, వేళకి గంట మోగించడం, అదే ఆమె సంసారం.

కానీ ఆ సంసారంలో ఇంకో పని కూడా ఉంది. అది ఎవరూ చెప్పిన పని కాదు.

మందిరం నది ఒడ్డున ఉంది, పేటలో అన్నిటికంటే పల్లపు చోట. పడవలు తిరిగే రోజుల్లో, పడవ దిగినవాడు ముందు ఆయనకి మొక్కి తర్వాత ఇంటికి పోవాలని పెద్దలు అక్కడ కట్టారు. పడవలు పోయాయి, మందిరం ఉండిపోయింది. వెనక తలుపు తీస్తే నదిలోకి ఇరవై ఒక్క మెట్లు. సాయంత్రం గంట అయ్యాక తండ్రి ఆ మెట్ల మీదికి పోయి, నీళ్ళు ఎన్నో మెట్టు దగ్గర ఉన్నాయో పైనుంచి లెక్కపెట్టి, అవి పెరిగిన రోజల్లా తలుపు వెనక మేకుతో గీత గీసేవాడు. తండ్రి తర్వాత ఈమె గీసింది. ఆ తలుపు నేను చూశాను. తండ్రి గీతలు తీరిగ్గా ఉన్నాయి, ఒక్కో గీత మధ్య బోలెడు చోటు. కూతురి గీతలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి తోసుకుంటున్నాయి.

"మా నాన్న రోజుల్లో నీళ్ళు ఒక మెట్టు ఎక్కాలంటే పూటంతా పట్టేది. మర్యాదగా, చుట్టం వచ్చినట్టు, వస్తున్నానని చెప్పి వచ్చేవి" అంది. "ఇప్పుడు పైన కొండల మీద చెట్లు కొట్టేసి రోడ్లు వేశారు. మనకి ఎగువన పెద్ద బురదనేల ఉండేది. వానాకాలం వస్తే కడుపునిండా నీళ్ళు తాగి పడుకునేది. దాన్ని మట్టితో పూడ్చి ఇళ్ళు కట్టారు. ఇక నీళ్ళకి దారిలో కూర్చోవడానికి చోటేది? తిన్నగా మనింటికే."

తొమ్మిదేళ్ళ కిందట ఒక పొద్దున, రెండు రోజుల వాన అప్పుడే తెరిపిచ్చింది. ఆమె ఊడవడం మొదలుపెట్టినప్పుడు నీళ్ళు పన్నెండో మెట్టు దగ్గర ఉన్నాయి. ఊడ్చి చెత్త పారబోయడానికి వెనక తలుపు తీసేసరికి నాలుగో మెట్టు మీద ఉన్నాయి. చీపురు ఎక్కడ పడిందో తెలియదు. తాడు అందుకుంది.

పేటలో గంటకి ఒక్కటే మాట వచ్చు. రమ్మని. పెళ్ళికి రమ్మని, చావుకి రమ్మని, రోజుకి మూడుసార్లు ప్రార్థనకి రమ్మని. వేళ కాని వేళ మోగేసరికి జనం పరుగున వచ్చారు. తడి తలలతో, చంకలో పిల్లలతో, ఎంగిలి చేతులతో వచ్చారు. వచ్చి ఎవరి వరసలో వాళ్ళు, ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. ఎవరో పోయారనుకుని, మందిరంలో ప్రార్థన చేయించే గురువుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు.

"లేవండి, నీళ్ళొస్తున్నాయి, గుట్ట మీదికి పొండి" అని ఈమె తలుపు దగ్గర అరిచింది. ప్రార్థన మధ్యలో అరుపులేమిటని ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి గుర్రుగా చూశారు.

నీళ్ళు వెనక తలుపులోంచి వచ్చాయి. కిటికీలెక్కి, ఒకరి భుజాల మీద ఒకరు, అందరూ బయటపడ్డారు. ఒక్కరు తప్ప. మొదటి వరసలో గోడవార కూర్చునే ముసలావిడ. పై వీధిలో బట్టలు కుట్టే దర్జీ వాళ్ళమ్మ. మోకాళ్ళ నొప్పులతో కొన్నాళ్ళుగా గడప దాటని మనిషి. ఆ పొద్దున గంట విని, కర్ర పట్టుకుని, అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

దర్జీ ఆ రోజు కుట్టిన బట్టలు ఇవ్వడానికి పట్నం పోయాడు. సాయంత్రం తిరిగొచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. ఏడవలేదు, అరవలేదు.

"మా ఇల్లు మునగలేదు పిన్నీ. నువ్వు మోగించకపోతే మా అమ్మ ఇంట్లోనే ఉండేది" అన్నాడు.

అంతే. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ప్రార్థనకీ రావడం మానేశాడు. మూడో వరసలో స్తంభం పక్కన అతని చోటు. అక్కడ ఎవరూ కూర్చోలేదు. రాలిన పంటి సందులా ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆమె పై వీధిలోంచి పోతుంటే దుకాణం షట్టర్ సగం దిగేది.

"అబద్ధం అన్నాడా, పోట్లాడేదాన్ని" అంది గంటపిన్ని. "నిజం అన్నాడు. నిజంతో ఎక్కడ పోట్లాడతాం?"

వరదల ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది పోయిన ఏడాది. మోకాళ్ళ దాకా బూట్లు, చంకలో మ్యాపులు, ఎప్పుడూ సగం తాగి వదిలేసిన టీ. పేటకి వచ్చిన మొదటి రోజే మందిరం తలుపు వెనక గీతలు చూసి నేల మీద చతికిలబడిపోయింది. నలభై ఏళ్ళ నది ఆ తలుపు మీద ఉంది, తమ ఆఫీసులో లేదు.

"పోయినసారి వచ్చింది వందేళ్ళకోసారి వచ్చే వరద పిన్నీ" అందట ఆ అమ్మాయి మ్యాపు పరిచి.

"ఎనిమిదేళ్ళలో మూడుసార్లు వచ్చింది తల్లీ. అంటే నాకు మూడొందల ఏళ్ళు వచ్చాయా?"

ఆ రోజు నుంచి ఇద్దరికీ కుదిరింది.

ఆఫీసు వాళ్ళు ముందు సైరన్ పెట్టారు. ఓ మధ్యాహ్నం పరీక్షకి మోగించారు. మోగగానే సగం పేట గ్లాసులు పట్టుకుని టీ కొట్టుకి బయల్దేరింది. ఇటుకల ఫ్యాక్టరీలో టీ వేళకి మోగేదీ అలాంటి కూతే మరి. ముప్ఫై ఏళ్ళుగా ఆ కూత వింటే నోట్లో నీళ్ళూరడం తప్ప ఇంకోటి తెలియదు వీళ్ళకి. టీ కొట్టాయన ఇంజనీరమ్మకి దండం పెట్టి, "రోజూ మోగించండి మేడమ్" అన్నాడు.

సరే, గంట మోగిద్దామన్నారు. వారం ముందు నుంచి మైకులో చెప్పారు. వేళ కాని వేళ గంట మోగితే గుట్ట మీదికి పరిగెత్తాలి, మందిరానికి రాకూడదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. అందరూ తలలూపారు. పిల్లలు పాఠంలా అప్పజెప్పారు కూడా. ఆ రోజు గంటపిన్ని తాడు లాగింది.

అందరూ మందిరానికి వచ్చేశారు.

వచ్చి, కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, నాలుక కరుచుకున్నారు. "అయ్యో, గుట్ట కదూ!" అని ఒకావిడ నెత్తి కొట్టుకుంది. మందిరం మెట్ల మీద ఇంజనీరమ్మ తల పట్టుకుని కూర్చుంది. "ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి పిన్నీ వీళ్ళకి?"

గంటపిన్ని ఆ వరసల వైపు చూస్తూ ఉండిపోయింది. మొదటి వరసలో గోడవార చోటు. మూడో వరసలో స్తంభం పక్క చోటు. అప్పుడే తనకి తోచిందని చెప్పింది నాకు, ఆకలి వేసినట్టు మామూలుగా తోచిందట.

"వాళ్ళకేం చెప్పకు తల్లీ. చెప్పింది తలకి ఎక్కింది, కాళ్ళకి ఎక్కలేదు. ఈ కాళ్ళు వాళ్ళ తాతల కాళ్ళు. గంట రమ్మంటుంది, అంతే. పొమ్మనడం దానికి రాదు, మనం నేర్పలేం" అని లేచి నిలబడింది. "గంటనే పైకి తీసుకుపోదాం. అక్కణ్ణించి రమ్మంటుంది. వచ్చేస్తారు."

ఇంజనీరమ్మ మ్యాపు తిప్పి, దాని వెనక ఏదో రాసుకుందట.

వానలకి రెండు నెలలుంది. అడ్డం వచ్చినవాడు పరాయివాడు కాదు, సొంత బావ. అక్క మొగుడు, కలప డిపో యజమాని, మందిరం కమిటీ పెద్ద. గుట్ట మందిరానిదే. దాన్ని కంకర మిషన్ వాళ్ళకి ఇచ్చేసి, వచ్చిన దానితో మందిరం నేలంతా పాలరాయి పరిపించాలని ఆయన కోరిక. వానలయ్యాక గుట్ట పగలగొట్టడం మొదలు. మాట కూడా ఇచ్చేశాడు.

కమిటీ మందిరంలోనే కూర్చుంది. పేటంతా వచ్చి గోడలకి ఆనుకుంది.

"తరతరాలుగా గంట ఇక్కడ ఉంది. ఇప్పుడు పైకి మోసుకుపోతే ఏమిటి అర్థం? ఆయన మీద మనకి నమ్మకం పోయిందని చాటింపు వేసినట్టు" అన్నాడు బావ.

"ఆయన మీద నమ్మకం ఉంది బావా. నది మీద లేదు."

నవ్వులు లేచాయి. బావ చెవులు ఎర్రబడ్డాయి. "మరదలివని ఊరుకుంటున్నా. ఊడ్చే మనిషివి, కమిటీ సంగతులు నీకెందుకు?"

"ఊడ్చే మనిషిని కాబట్టే. బురద ఏ గోడకి ఎంత ఎత్తు పట్టిందో కడిగిన చేతులకి తెలుస్తుంది. నువ్వెప్పుడైనా గోడ కడిగావా?"

"ఇంట్లోనే కడగడు" అంది వెనక నుంచి అక్క.

"నువ్వు నోర్ముయ్" అని బావ పెళ్ళాం వైపు తిరిగాడు గానీ, అప్పటికే జనం కడుపులు పట్టుకుంటున్నారు. ఆయన గొంతు పెంచాడు. "గుట్ట ఇస్తామని మాటిచ్చాం. మాట తప్పితే పరువేం కావాలి?"

"గుట్ట పోతే రేపు ఎక్కడికెక్కుతాం బావా? నీ కలప దుంగల మీదికా?"

అప్పుడు గురువుగారు చేతికర్రతో నేల తట్టారు. సన్నటి మనిషి, మాటకి ముందు దగ్గు వస్తుంది. ఆయన మాటని పేట దాటదు. అందరూ అటు తిరిగారు. ఆయన దగ్గి, "మూడు రోజులు ఆగండి" అన్నారు.

మొదటి రెండు రోజులు గ్రంథం ముందు కూర్చున్నారు. మూడో రోజు చేతికర్రతో గుట్ట ఎక్కారు, ఏడు చోట్ల ఆగి. గంటపిన్ని నీళ్ళ చెంబు పట్టుకుని వెనకే ఎక్కింది. పైన చదును బండ మీద కూర్చుని ఆయన చాలాసేపు కిందికి చూశారు. నది గోధుమరంగు తాడులా పడి ఉంది. దాని అంచున మందిరం అగ్గిపెట్టెంత.

"ఇక్కణ్ణించి ఎంత చిన్నగా ఉందో" అన్నారు.

"ఆయనకి ఎప్పుడూ అంతే కనిపిస్తుందేమో గురువుగారూ."

ఆయన నవ్వారో దగ్గారో తెలియలేదంటుంది ఆమె.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక గురువుగారు కూర్చున్న చోటి నుంచి లేవలేదు. "గ్రంథం మొత్తం మళ్ళీ చూశాను" అన్నారు. "పిలవమని ఉంది. ఎక్కడ నిలబడి పిలవాలో లేదు. ఆయన కాపాడతాడని ముప్ఫై ఏళ్ళుగా మీకు చెబుతున్నాను. అది అబద్ధం కాదు. కానీ తొమ్మిదేళ్ళ కిందట ఇదే చోట నేను కళ్ళు మూసుకుని చదువుతున్నప్పుడు, లేవండని ఒక గొంతు వినిపించింది. ప్రార్థనకి భంగం అనుకున్నాను. ఆయన కాపాడటానికి పంపింది ఆ గొంతునే. నాకు తెలియలేదు."

 ఆయన ఒకసారి దగ్గి తల ఎత్తారు.

"గంట పైకి పోవాలన్నవాళ్ళు చెయ్యెత్తండి."

మొదటి చెయ్యి అక్కది. గాజులు మోచేతి దాకా జారేలా ఎత్తింది. బావ నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. తర్వాత చేతులు లెక్కపెట్టే పని లేకపోయింది. ఎత్తని చేతులు లెక్కపెట్టుకోవడమే సులువు. చివరికి బావ కూడా మెడ రుద్దుకుంటున్నట్టు చెయ్యి లేపాడు. "ఇంటికెళ్ళాక అన్నం పెట్టాలిగా ఈవిడ" అని గొణిగాడు.

చట్రానికి దుంగలు ఆయనే ఇచ్చాడు, చెద పట్టని కలప, ఏరి ఏరి. "రేపు గంట ఊడిపడితే నన్నంటారు" అని ఒకటికి రెండుసార్లు సుత్తితో కొట్టి చూశాడట.

గంట ఎక్కిన రోజు పేట పేటంతా పనులు మానుకుంది. ఎనిమిది మంది రెండు దూలాలకి కట్టి మోశారు. గంటపిన్ని పక్కనే నడిచింది, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద వేసినట్టు దాని మీద చెయ్యేసి. సగం దారిలో ముందువాడి కాలు జారింది. గంట ఊగి, లోపలి నాలుక తగిలి, దానంతటదే ఒక్కసారి మోగింది.

ఇళ్ళలో ఉండిపోయిన ముసలివాళ్ళు, పొయ్యి దగ్గరి ఆడవాళ్ళు, నిద్రపోతున్న రెండో షిఫ్టు వాళ్ళు బయటికి వచ్చి చుట్టూ చూసి, గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, మైకు లేదు. కాళ్ళు వాటంతటవే ఇటు తిరిగాయి. ఇంజనీరమ్మ ఆ దృశ్యం చూసి బూట్లతోనే గంతులేసిందట.

"ఆ రోజు నాకు సగం భయం పోయింది" అంది గంటపిన్ని. "మిగతా సగం పై వీధిలో ఉంది. షట్టర్ దించుకుని."

వరద రెండు నెలల కిందట వచ్చింది, మధ్యాహ్నం మూడు దాటాక. పేటలో చినుకు లేదు. ఎండ కాస్తోంది, తీగల మీద బట్టలు ఆరుతున్నాయి. వాన ఎక్కడో ఎగువ కొండల్లో పడింది. కరెంటు పోయింది, దానితో పాటు ఫోన్లూ మూగబోయాయి. ఇంజనీరమ్మ పట్నంలో తన ఆఫీసులో పేట నంబర్లన్నీ నొక్కుతూనే ఉంది, ఒక్కటీ కలవలేదు.

గుట్ట మీది నుంచి నది రెండు మలుపుల దాకా కనిపిస్తుంది. గంటపిన్ని బండ ఊడుస్తోంది. దూరపు మలుపులో నీళ్ళ రంగు మారింది, టీలో పాలు తక్కువైనట్టు. ఒక చెట్టు వేళ్ళతో సహా నిలువుగా తేలుతూ వస్తోంది. ఆమె ఇంకేమీ చూడలేదు. తాడు అందుకుంది.

కిర్రు. ఖాళీ. మోత.

మొదటి తలుపు తెరుచుకుంది. రెండోది. తర్వాత అన్నీ. గింజలు ఒలికినట్టు జనం వీధుల్లోకి వచ్చారు, ఒక్క క్షణం నిలబడ్డారు, మోత వచ్చే వైపు తిరిగారు. ఒక్కరూ నది వైపు పోలేదు. అక్క కోడిపెట్టని చంకన పెట్టుకుని ఎక్కింది. ఆమె వెనక బావ, గురువుగారిని వీపున మోసుకుంటూ. టీ కొట్టాయన పొయ్యి మీది గిన్నెతో సహా వచ్చాడు. ఎక్కినవాళ్ళు బండ మీద అలవాటు కొద్దీ ఎవరి వరసలో వాళ్ళు, ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. ఎవరూ కూర్చోమనలేదు.

గురువుగారు ముందు నిలబడి వరసలు చూశారు. ఈసారి కళ్ళు మూయలేదు. తలలు లెక్కపెట్టలేదు, ఖాళీలు వెతికారు. అయిదో వరసలో రెండు ఖాళీలు. అవి ఎవరివో అందరికీ తెలుసు. నలుగురు కిందికి ఉరికి, మంచం పట్టిన తాతనీ ఆయన కోడలినీ తీసుకొచ్చారు. బతికున్నవాళ్ళలో ఇక ఒక్కరిదే ఖాళీ. మూడో వరసలో. తొమ్మిదేళ్ళుగా అందరికీ అలవాటైపోయిన ఖాళీ.

నీళ్ళు మందిరం మెట్లు దాటాయి. గుమ్మం దాటాయి. కింది వీధి నిండింది. ఈసారి నీళ్ళు పై వీధిని కూడా వదలవని పైనుంచి తెలుస్తూనే ఉంది.

గంటపిన్ని మోగిస్తూనే ఉంది. ముప్పావు గంట దాటింది. అరచేతుల చర్మం లేచి తాడు ఎర్రబడింది.

"ఇక వాడు రాడు. ఆపు" అన్నాడు బావ. ఆమె ఆపలేదు. ఆయన దగ్గరికొచ్చాడు. "పోనీ ఇటివ్వు, నేను లాగుతా."

"నీ లాగుడు వాడు గుర్తుపట్టడు బావా. జరుగు."

కిర్రు. ఖాళీ. మోత. వరసల్లో ఎవరూ కదలడం లేదు. అందరూ మెట్ల వైపు చూస్తున్నారు.

ముందు తల కాదు, కుట్టుమిషన్ కనిపించింది. దాన్ని భుజం మీద పెట్టుకుని, రొమ్ము దాకా తడిసి, మెడలో టేపు వేలాడుతూ ఎక్కివచ్చాడు దర్జీ. పైకి వచ్చి ఎవరి వైపూ చూడలేదు. మూడో వరస దాటాడు, రెండో వరస దాటాడు. మొదటి వరసలో, గోడ ఉండాల్సిన చోట, మిషన్ దించి కూర్చున్నాడు. అక్కడ గోడ లేదు. ఆకాశం ఉంది.

అప్పుడు ఆమె తాడు వదిలింది.

నాలుగువందల పన్నెండు మంది. ఒక్క చోటూ ఖాళీ లేదు. దర్జీ మూడో వరస చోట్లో అప్పటికే టీ కొట్టాయన తన గిన్నె పెట్టేశాడు. కింద మందిరం కిటికీల దాకా మునిగింది. తాము కూర్చోవాల్సిన వరసల మీదుగా నది పోవడం అందరూ కూర్చుని చూశారు. ఎవరో నవ్వడం మొదలుపెట్టారు, ఎందుకో తెలియకుండానే. ఆ నవ్వు వరస నుంచి వరసకి పాకింది. ముసలివాళ్ళు ఏడుస్తూ నవ్వారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. గుట్ట మొత్తం ఒక పెద్ద గొంతు అయిపోయింది. ప్రార్థన చెయ్యమని ఎవరో అడిగితే గురువుగారు, "అయిపోయిందిగా. అందరూ వచ్చారు. ఇంకేం కావాలి?" అన్నారు.

ఆ సందడిలో దర్జీ లేచి ఆమె ముందుకి వచ్చాడు.

"చేతులు చూపించు పిన్నీ."

తొమ్మిదేళ్ళకి మొదటి మాట. ఆమె చూపించింది. అతను తన చొక్కా లోపలి గుడ్డ పళ్ళతో చింపి రెండు అరచేతులకీ కట్టాడు. కుట్టే మనిషి కదా, కట్టు కూడా ముడి కనపడకుండా కట్టాడట.

"షట్టర్ దించుకుని కూర్చున్నా. గంట ఆగగానే హాయిగా ఉండొచ్చనుకున్నా" అన్నాడు తల వంచుకుని. "అది ఆగలేదు."

"ఆగేది కాదులే" అందట ఈమె.

నీళ్ళు మూడు రోజుల్లో తీశాయి. పై వీధి మొత్తం రొమ్ముల్లోతు మునిగి లేచింది. దర్జీ దుకాణం కూడా. బావ కంకర మిషన్ వాళ్ళకి కబురు పంపాడు, గంట ఎక్కిన గుట్ట మీద సుత్తి పడదని. ఆ మాట తనదే అన్నట్టు ఇప్పుడు ఊరూరా చెప్పుకుంటున్నాడు. గుట్ట వాలు మీద మట్టి జారకుండా మొక్కలు నాటారు, ఇంటికొకటి. ఎవరి వరస ఎక్కడో ఆ వరసలోనే నాటారు, మొక్క ఎండితే ఎవరిదో ఇట్టే తెలిసిపోయేలా. మందిరానికి పాలరాయి రాలేదు. బురద కడిగిన పాత నేల మీదే రోజూ ప్రార్థన. గంట పైనుంచి పిలుస్తుంది, జనం కింద కూర్చుంటారు. వేళకి మోగితే కిందికి, వేళ తప్పి మోగితే పైకి. ఎలా తెలుస్తుందని అడిగాను. తెలుస్తుంది, అంతే అన్నారు. ఇంజనీరమ్మ నది పొడవునా ఉన్న పేటల వాళ్ళని తెచ్చి చూపిస్తోంది. అన్ని మతాల వాళ్ళూ వస్తున్నారు. ఒకరికి గంట ఉంది, ఒకరికి మైకు ఉంది, ఒకరికి డోలు. "ఏదైతేనేం, మీది ఏం చెబుతుందో ముందు కనుక్కోండి. తర్వాత ఎక్కడ పెట్టాలో చూడండి" అని చెబుతుంది ఆ అమ్మాయి. సైరన్‌ని టీ కొట్టాయన అడిగి తీసుకున్నాడు.

పొద్దు వాలింది. సాయంత్రం గంటకి వేళయింది. గంటపిన్ని లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒకసారి నది వైపు చూసింది. పన్నెండో మెట్టు. చట్రం దుంగ మీద మేకుతో గీత గీసింది. చేతులకి మందపాటి గుడ్డ తొడుగులు వేసుకుంది, కొత్తవి, రెండు పొరల కుట్టు. కింద మెట్ల మీద ఎవరో ఎక్కివస్తున్నారు, మెడలో టేపుతో. నేను సెలవు తీసుకోబోతే ఆమె కుడిచెవి నా వైపు తిప్పి, కళ్ళు మాత్రం మెట్ల మీదే ఉంచి అంది:

"ఉండండి, గంట వినే వెళ్దురుగాని. అదిగో వస్తున్నాడు దర్జీ. ఈ తొడుగులు చూశారా? రెండింటికీ బొటనవేలు ఒకే పక్కన కుట్టాడు. తొమ్మిదేళ్ళ తిట్లు దాచిపెట్టుకున్నా వాడి కోసం. కాస్త పక్కకి జరగండి, చివరి మెట్టు ఎక్కగానే మొదలుపెడతాను."